కంఠము, గ్రంథము: విశ్వవిద్యాలయోపన్యాసముల చరిత్రము

ఉపన్యాసమను పదము క్షేపణార్థకమగు అస్ ధాతువునకు ఉప, ని అను నుపసర్గములు చేరుటచే నేర్పడినది. సమీపమున నుంచుట దాని యవయవార్థము. సంస్కృతమునఁ బ్రస్తావము, వచనము మొదలగు నర్థములందు వాడఁబడిన యీ శబ్దము తెలుఁగున సభాప్రసంగమునకు రూఢమైనది. రూఢి కలిగినను నవయవార్థము పూర్తిగ విడిపోలేదు. వక్త తా నెఱిఁగినదానిని శ్రోతకు దగ్గఱగా నుంచుటయే యుపన్యాసప్రయోజనము. ఐనను గంఠధ్వని క్షణికము. సభ ముగిసినపిమ్మట విన్నమాట విన్నవారి మనస్సులయందు మాత్రమే నిలుచును, వారితోనే యంతరించును. గ్రంథము చిరకాలము నిలుచును గాని ప్రశ్నించినచోఁ బ్రత్యుత్తరమీయదు. చరిత్రము, శిల్పము, జాతిస్మృతి అను విషయములను గూర్చి మన దేశపు విశ్వవిద్యాలయములయందు జరిగిన బహిరంగోపన్యాసముల కథ యీ కంఠగ్రంథముల సంబంధముయొక్క కథయే. ఆ సంబంధము కుదిరినచోట విద్య నిలిచినది, కుదరనిచోటఁ జిక్కిపోయినది.

ఈ సమస్య మన పూర్వులకుఁ గ్రొత్తది కాదు. పతంజలి మహాభాష్యము ఆహ్నికములుగా విభక్తమైయున్నది. ఆహ్నికమనఁగా నొక దినమునఁ జెప్పఁదగిన పాఠము. ప్రథమాధ్యాయ ప్రథమపాదమున నట్టివి తొమ్మిది గలవు. నవాహ్నికమను పేరఁ బ్రసిద్ధమైన యా భాగముతోనే వైయాకరణులు భాష్యపాఠము నారంభింతురు. అందు సిద్ధాంతమొక్కటియే కాదు. శంక, సమాధానము, మరల నాక్షేపము, ఏకదేశి పలుకు అన్నియు సభలోఁ బలికిన తీరుననే నిలిచియున్నవి. భాష్యము వ్రాఁతలోనికి వచ్చిన వాదసభ.

అట్టి భాష్యపరంపరయే యొకప్పుడు తెగిపోయెనని భర్తృహరి వాక్యపదీయ ద్వితీయకాండాంతమునఁ జెప్పుచున్నాఁడు. శిష్యపరంపర క్షీణింపఁగా భాష్యము దాక్షిణాత్యులయందుఁ గేవలము పుస్తకరూపమున మిగిలెననియు, తరువాతఁ జంద్రాచార్యాదులు పర్వతమునుండి యా యాగమమును సంపాదించి మరలఁ బెక్కుశాఖలుగాఁ బ్రవర్తింపఁజేసిరనియు నాతని మాటల తాత్పర్యము. ఆ పర్వతశబ్దమునకుఁ ద్రిలింగదేశమునందలి యొక భాగమని వ్యాఖ్యాతయగు పుణ్యరాజు అర్థము చెప్పెను. ఆంధ్రులకు సంతోషహేతువగు నీ వృత్తాంతమునందు వేఱొక పాఠమును గలదు. కంఠము తెగినప్పుడు గ్రంథము విద్యను జావనీయలేదు. కాని గ్రంథము మిగిలినంతమాత్రమున విద్య బ్రతికియుండలేదు. పుస్తకము నెదుట నుంచుకొని బోధించువారు మరల నొకసారి పుట్టవలసివచ్చెను.

ఇఁక నవీనకాలమునకు వత్తము. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములయందు విశ్వవిద్యాలయములు స్థాపింపఁబడెను. లండను విశ్వవిద్యాలయము మాదిరి నేర్పడిన యవి మొదటఁ బరీక్షలు జరపి పట్టముల నొసఁగు సంస్థలు. బోధన కళాశాలల పని. కావున దాతల ధనముచేతను, విద్వాంసుల పేరనుఁ బుట్టిన యుపన్యాసపీఠములే యా సంస్థలకు స్వకీయమగు కంఠము నిచ్చినవి. బొంబాయియందు జాన్ విల్సన్ పేర వెలసిన భాషాశాస్త్రోపన్యాసపీఠ మట్టిది. 1877లో రామకృష్ణ గోపాల భండార్కరు ఆ పీఠమునుండి సంస్కృతమును, దానినుండి పుట్టిన భాషలను గూర్చి ప్రసంగించెను. లౌకికసంస్కృతము, పాళి, ప్రాకృతములు, అపభ్రంశము, తుదకు నేఁటి యుత్తరదేశభాషలు అను క్రమమును ధ్వనిపరిణామముల మూలమున నాతఁడు విద్యార్థులకు విశదపఱచెను. శాస్త్రిపాఠమును, ఐరోపీయుల తులనాత్మకపద్ధతియు నొక్కకంఠమున వినవచ్చిన సభలవి.

ఆ యుపన్యాసములు సంపూర్ణగ్రంథరూపమున వెలువడినది 1914లో. నడుమ ముప్పదియేడు సంవత్సరములు గడచెను. 1878లోనే జర్మనీదేశమున నవ్యవైయాకరణులనఁబడువారు ధ్వనినియమములకు నపవాదము లేదను సిద్ధాంతమును బ్రకటించి శాస్త్రమును వేఱుదారిఁ బట్టించిరి. ఉపన్యసించిన నాఁడు క్రొత్తగా నున్న మాట పుస్తకమైన నాఁటికిఁ జరిత్రలోని మాట యయ్యెను. విలువ తగ్గలేదు, కాని చెప్పిన కాలమునకును జదివిన కాలమునకును నడుమఁ బెరిగిన తరము దాని యుపయోగమును బూర్ణముగఁ బొందలేదు. వ్రాఁత యాలస్యమైనచో నష్టపోవునది వక్త కాదు, శ్రోత కాలేకపోయినవాఁడు.

1904 నాఁటి చట్టము విశ్వవిద్యాలయములకు స్వయముగ బోధించుటకుఁ దోవ చూపెను. ఆ తోవను రాజమార్గముగఁ జేసినవాఁడు కలకత్తాయందు ఆశుతోష ముఖర్జీ. ఆయన 1906 మొదలు 1914 వఱకును, మరల 1921 మొదలు 1923 వఱకును వైస్‌చాన్సలరుగ నుండెను. వంగదేశపు గవర్నరుగ నుండిన కార్మైకేలు ప్రభువు పేరఁ బ్రాచీనభారతచరిత్రమునకుఁ గలకత్తాలో నొక యాచార్యపీఠ మేర్పడెను. రామకృష్ణ గోపాలుని కుమారుఁడగు దేవదత్త రామకృష్ణ భండార్కరు ఆ పీఠము నధిష్ఠించి 1918లో క్రీ.పూ. 650 మొదలు 325 వఱకు గల కాలమును గూర్చి యుపన్యసించెను. 1919లోనే యవి పుస్తకమైనవి. తండ్రి యుపన్యాసములకుఁ బట్టిన కాలముతోఁ బోల్చినచో నిది గొప్ప మార్పు.

అందు మొదటి యుపన్యాసము ఆర్యులు దక్షిణాపథమునకును సింహళమునకును వ్యాపించిన విధమును గూర్చినది. ఈ ప్రశ్నకు వ్యాకరణమునుండి సాక్ష్యము తెచ్చు పద్ధతి యా కుటుంబమునకుఁ గ్రొత్త గాదు. 1884లో వెలువడిన దక్షిణాపథప్రాచీనచరిత్రమునఁ దండ్రి యామార్గమును జూపియుండెను. జనపదమునకును, దాని నేలు క్షత్రియులకును నొకటే పేరైనపు డపత్యార్థమున నే ప్రత్యయము రావలయునో పాణిని చతుర్థాధ్యాయ ప్రథమపాదమున విధించెను. అచ్చటఁ గళింగము గలదు, అశ్మకము గలదు, పాండ్యచోడులు లేరు. పాండుశబ్దమునకు డ్యణ్ ప్రత్యయమును విధించి పాండ్యరూపమును, లుక్కుచేఁ జోడాదిరూపములను సాధించినవాఁడు వార్తికకారుఁడగు కాత్యాయనుఁడు. కావునఁ బాణినికాలమున నుత్తరదేశీయులకు వింధ్యకు దక్షిణమునఁ బరిచయ మల్పమనియు, కాత్యాయనుని నాఁటికది దక్షిణసముద్రతీరమువఱకు విస్తరించెననియు వాదము.

ఈ వాద మాంధ్రులకు సన్నిహితమైనది. అశ్మకము గోదావరీతీరదేశము. దాని రాజధానియగు పోదనము నేఁటి తెలంగాణమునందలి బోధనని పెక్కురు చరిత్రకారులు నిర్ణయించిరి. అట్లయినచోఁ బాణిని సూత్రములకుఁ దెలుఁగునేల యొక యంచు తెలిసియుండెననుట సిద్ధించును. ఐనను వైయాకరణుఁ డిచ్చట నాగి చూడవలసిన విషయము గలదు. సూత్రకారుఁడు దేశముల పట్టికను వ్రాయఁబూనలేదు. సామాన్యసూత్రముచే సిద్ధించు రూపమునకు వేఱు విధి చేయుట యాతని పద్ధతి కాదు. ఒక దేశనామము సూత్రములయందుఁ గానరానంతమాత్రమున నా దేశమే యాతనికిఁ దెలియదనుట చెల్లదు. పాండ్యరూపము సామాన్యవిధిచే సిద్ధింపదు కనుక, దానియెడల వాదమునకుఁ గొంత బలము గలదు. ఆ బలమును బూర్తిగ నమ్మరాదు. సూత్రకారుని నాఁడే లోకమున నున్న రూపములను గొన్నింటిని వార్తికకారుఁడు తరువాతఁ జేర్చుట యసంభవము కాదు.

ఈ విచారణ చేయుటకుఁ బాణినీయ మెఱిఁగిన శ్రోత కావలయును. ఉపన్యాసము లాంగ్లమున జరిగెను. నాఁటి పాఠశాలలయందు సూత్రములు కంఠస్థము చేసిన పండితులలోఁ బెక్కురకు నాంగ్లము రాదు. ఆంగ్లము వచ్చినవారిలోఁ బెక్కురు సూత్రముల నెఱుఁగరు. వ్యాకరణముపై నిలిచిన చరిత్రవాదమును దూఁచఁగలవారు సభ వెలుపల నుండిరి. సభలో నున్నవారు తూఁచలేక యంగీకరించిరి. ప్రమాణము పుష్కలముగ నుండియు, గ్రంథము త్వరగ వెలువడియు, నుపన్యాసము తన యవయవార్థమును గోలుపోయిన దిచ్చటనే. వినఁదగినవానికి దగ్గఱగా నుంచఁబడలేదు.

ఆ కలకత్తాయందే యా కొఱతను దీర్చిన ప్రయత్న మొకటి జరిగెను. ఖైరా కుమారుఁడగు గురుప్రసాదసింహుని దానముచే 1921లో నేర్పడిన పీఠములలో భారతీయశిల్పమునకు రాణీ వాగేశ్వరి పేర నొక పీఠము గలదు. ఆశుతోషుఁడు దాని నవనీంద్రనాథ ఠాకూరున కిచ్చెను. అవనీంద్రుఁడు చిత్రకారుఁడు, 1905 మొదలు 1915 వఱకుఁ గలకత్తా ప్రభుత్వశిల్పపాఠశాలలో నుపప్రధానోపాధ్యాయుఁడు. పట్టములతో వచ్చిన యాచార్యుఁడు కాఁడు. ఆయన 1921 మొదలు 1929 వఱకు నిచ్చిన యుపన్యాసములు సుమారు ముప్పది. అన్నియు వంగభాషలో, అదియును నింట మాటలాడుకొను చలితభాషలో.

శిల్పమునందు నధికారము, అనధికారము, దృష్టి, సృష్టి, శిల్పమునకును భాషకును గల సంబంధము అనునవి యందలి విషయములలోఁ గొన్ని. అధికారశబ్దము వ్యాకరణమున నుత్తరసూత్రములకుఁ బ్రసరించు ప్రకరణము. మీమాంసయందుఁ గర్మచేయుటకుఁ దగిన యర్హత. అవనీంద్రుఁ డర్హతార్థమునే గ్రహించెను. శిల్పాధికారము పుట్టుకచేఁ గాని, పూర్వుల సంపదచేఁ గాని సంక్రమింపదనియు, నెవరికివారు సాధనచే సంపాదించుకొనవలసినదనియు నాతని మతము. పూర్వశిల్పమును బొగడుటతోఁ దృప్తిచెందు కాలమున నీ మాట చెప్పుటకు ధైర్యము కావలయును.

శాస్త్రమును నాతఁడు విడువలేదు. వాత్స్యాయన కామసూత్రములకు యశోధరుఁడు రచించిన జయమంగళావ్యాఖ్యయందుఁ జిత్రమునకు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని యాఱంగములు చెప్పఁబడినవి. వ్యాఖ్యలో నొకమూల నున్న యా పట్టికను వెలికిఁదీసి, ఒక్కొక్క యంగమును గుంచె పట్టినవాని యనుభవముతో వివరించి యవనీంద్రుఁడు లోకప్రసిద్ధము చేసెను. వ్యాఖ్యాతృవాక్యము శిల్పి నోటఁ బడి మరల బోధ యయ్యెను. పుస్తకమాత్రముగ నున్న భాష్యమునకుఁ జంద్రాచార్యుఁడు చేసిన యుపకార మెట్టిదో, పుస్తకమాత్రముగ నున్న షడంగమునకు నవనీంద్రుఁడు చేసిన యుపకార మట్టిది. ఆ యుపన్యాసములు 1941లోఁ గలకత్తా విశ్వవిద్యాలయముచేతనే వాగేశ్వరీ శిల్పప్రబంధావళియను పేర గ్రంథమైనవి. కడపటి యుపన్యాసమునకును గ్రంథమునకును నడుమఁ బండ్రెండు సంవత్సరములు పట్టినను, మాటలాడిన కంఠము నేఁటికి నా పుటలయందు వినఁబడుచున్నది. గ్రాంథికభాషాభిమానులును దీని నాలోచింపవలయును. శాస్త్రార్థము చెడకయే వ్యావహారికమున నిముడునని చెప్పుట కది నిదర్శనము. వ్యావహారికమునకు శాస్త్రపరిచయము తప్పదనుటకును నదియే నిదర్శనము.

ఒక్క భావమే శ్రోతలనుబట్టి భాష మార్చుకొనుటకు రవీంద్రనాథ ఠాకూరు నుపన్యాసములు చక్కని యుదాహరణము. 1930లో నాక్స్‌ఫర్డునందు హిబ్బర్టు నుపన్యాసముల రూపమున మానవధర్మమును గూర్చి యాయన యాంగ్లమునఁ బ్రసంగించెను. 1931లో నది పుస్తకమయ్యెను. ఆశుతోషుఁడు తన కుమార్తె కమల పేర నేర్పఱచిన యుపన్యాసపీఠమునుండి 1933లోఁ గలకత్తాయందు నా విషయమునే వంగభాషలోఁ జెప్పెను. ఆ సంవత్సరము డిసెంబరులో వాల్తేరునకు వచ్చి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్‌చాన్సలరుగ నున్న యాంధ్రవిశ్వకళాపరిషత్తునందు మానవుఁడను విషయమును గూర్చి యాంగ్లమున నుపన్యసించెను. ఆ ప్రసంగములను 1937లో నాంధ్రవిశ్వకళాపరిషత్తు ప్రకటించెను. వంగీయులకు వంగభాష, ఆంధ్రుల కాంగ్లము: అతిథికి వేఱుదారి లేదు, తప్పు పట్టఁదగదు. 1937లోనే కలకత్తా పట్టప్రదానోత్సవమున రవీంద్రుఁడు వంగభాషలోఁ బ్రసంగించి పూర్వాచారమును మార్చెను. వాల్తేరు సభ కట్టి ప్రసంగము కావలసినచోఁ దెలుఁగువాఁడే తెలుఁగున మాటలాడవలయును.

ఆ పనికి నాంది వాల్తేరు సభకు ముందే జరిగినది. 1926లో స్థాపింపఁబడిన యాంధ్రవిశ్వకళాపరిషత్తునకు మొదటి వైస్‌చాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన ప్రోత్సాహముచే 1928లో ననంతపురమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమననుగూర్చి తెలుఁగున నుపన్యసించెను. మఱుసంవత్సరమే యవి గ్రంథమైనవి. మైసూరు మహారాజా కళాశాలలోఁ దెలుఁగుపండితుఁడును, సంస్కృతసంగీతములయందు నిష్ణాతుఁడును నగు శర్మ, వేమననుగూర్చి విచారింపఁబూనుటయే యొక చరిత్రాంశము. వేమన పద్యములు జనుల నాలుకలమీఁద నుండినవి. పండితుల వ్యాసపీఠములమీఁద లేవు. 1829లో వానిని మొదట సంపుటముగ నచ్చువేయించినవాఁడు విదేశీయుఁడగు బ్రౌను. ఆ పిమ్మట నూఱేండ్లకు విశ్వవిద్యాలయవేదికనుండి యా కవి కాలము, జీవితగాథలు, మతము, కవిత్వము ప్రమాణపురస్సరముగ విచారింపఁబడినవి. విన్నవారికి బాల్యమునుండి తెలిసిన పద్యములే యవి. కావున ప్రతి శ్రోతయుఁ దన స్మృతిని సాక్షిగ నుంచుకొని వక్త మాటను దూఁచఁగలిగెను. కార్మైకేలు నుపన్యాసములకు లేని సౌకర్య మనంతపురపు సభకుఁ గలిగెను.

ఆ రాళ్లపల్లివారికే తరువాత వేఱొక కార్యము ప్రాప్తించెను. తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనములు తిరుమలయందు రాగిఱేకులపై నిలిచియుండెను. ఱేకులపై రాగనామము గలదు, సాహిత్యము గలదు, స్వరము లేదు. లోహము మాటను గాపాడినది, పాటను గాపాడలేకపోయినది. శర్మ యా సంకీర్తనములను బరిష్కరించి పెక్కింటికి స్వరములు గూర్చెను. నేఁడు సభలలో వినఁబడు నన్నమయ్య పాటలు పెక్కు నూతనస్వరరచనలే కాని ప్రాచీనగానము కావు. ఇది చెప్పుట వానిని దక్కువ చేయుటకుఁ గాదు. తెగిన కంఠమును గ్రంథము మరల నీయలేదనియు, నా లోటును బ్రతికియున్నవాఁడే పూరింపవలసివచ్చెననియుఁ జూపుటకు.

నేఁడు యంత్రములు కంఠధ్వనినే యచ్చముగ నిలుపుచున్నవి. విశ్వవిద్యాలయములయందలి ప్రసంగములు ముద్రితమై, కోరిన క్షణమున వినవచ్చుచున్నవి. కావున స్మృతి సమస్య తీఱినదని తోఁచవచ్చును, తీఱలేదు. గంటలకొలఁది ధ్వనిలో నొక శాసనము పేరు, ఒక సంవత్సరము, ఒక యాక్షేపము ఎచ్చట నున్నదో వెదకి పట్టుట కష్టము. వక్త తొందరలోఁ జెప్పిన సంవత్సరము తప్పైనచో, నా తప్పే యెల్లకాలము పలుకుచుండును. ధ్వనిముద్రణము తాటియాకు ప్రతివంటిది. ప్రతి దొరకుట యొకటి, పరిష్కరణము వేఱొకటి. మాటలను వ్రాసి, ప్రమాణములను సరిచూచి, శాసనపాఠములను మూలముతోఁ బోల్చి, విషయసూచిక చేర్చినపుడే యది గ్రంథము.

అట్టి పరిష్కరణమునకు మహాభాష్యమే మార్గదర్శకము. నేఁటి ప్రచురణములయందు వక్త పలుకు మాత్రమే నిలుచును. సభలో లేచిన ప్రశ్నలు పోవును. భాష్యకారుఁ డట్లు చేయలేదు. పూర్వపక్షమును సిద్ధాంతమంత శ్రద్ధతో నిలిపెను. ఆ పూర్వపక్షముచేతనే సిద్ధాంతబలము తెలియుచున్నది. చరిత్రోపన్యాసమునందు శ్రోత యడిగిన ప్రశ్నయు, వక్త యిచ్చిన సమాధానమును, సమాధానము లేనిచో నా లేమియు గ్రంథమునఁ జేరవలయును. పాణిని మౌనముపై నిలిచిన వాదమునకు నాఁటి సభలో నొక వైయాకరణుఁడు లేచి యాక్షేపించి, యా యాక్షేపము పుస్తకమునఁ జేరియుండినచో, దక్షిణాపథచరిత్రము చదువు విద్యార్థులకు నంతటి నష్టము కలుగకుండెడిది.

ఈ కార్యమునకు విశ్వవిద్యాలయములే చాలవు. గ్రామముననున్న దేవాలయశాసనమును నిత్యము చూచు పాఠశాలాపండితుఁడు, ఆ శాసనమును గూర్చి నగరమున జరుగు నుపన్యాసమున కుత్తమశ్రోత. ఆతనికిఁ దెలిసిన భాషలో నుపన్యాసము జరగవలయును. ఆతఁడు ప్రశ్నించుటకు సభలోఁ జోటుండవలయును. ఆతని ప్రశ్న గ్రంథమునకెక్కవలయును. ఈ మూఁడును గలిగిననాఁడు కంఠము గ్రంథమునకును, గ్రంథము కంఠమునకును దోడగును. అవి లేనిచోఁ జరిత్రము దాక్షిణాత్యులయందుఁ బుస్తకమాత్రముగ మిగిలిన భాష్యమువలెఁ జంద్రాచార్యునికొఱకు వేచియుండును.